ప్రభుత్వ బడి మానిపించి ఇంట్లో చదివించాలా? పుస్తకాలు కొనేముందు తేల్చుకోవాల్సినవి

మా ఇంట్లో ఇద్దరు పిల్లలు. పెద్దమ్మాయి మొదటి నుంచి చివరిదాకా ప్రభుత్వ బడిలోనే చదివింది. చిన్నవాణ్ణి మూడో తరగతి మధ్యలో మానిపించి నాలుగున్నరేళ్లు ఇంట్లో చదివించాం. ఎనిమిదో తరగతికి వాడే అడిగి మళ్లీ బడికి వెళ్లాడు. అలా ఒకే ఇంట్లో రెండు దారులూ దగ్గర్నుంచి చూశాను. ఇదే ఆలోచనతో సతమతమయ్యే అమ్మానాన్నలు ఇప్పుడు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఏ సిలబస్ తీసుకోమంటారు?"

అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ముందు తేలాల్సినవి రెండున్నాయి. బిడ్డకి బడిలో సరిగ్గా ఏది పడటం లేదు? మంగళవారం పొద్దున పది గంటలకి ఇంట్లో బిడ్డ పక్కన ఎవరు కూర్చుంటారు? ఈ రెండూ తేలకుండా ఎంత మంచి పుస్తకాలు కొన్నా అవి అలమరలోనే ఉండిపోతాయి. మేం మొదటి నెలలో కొన్నవాటిలో సగానికి సగం అలాగే ఉండిపోయాయి.

ఇబ్బంది ఎక్కడుందో ముందు కనుక్కోండి

"ఆ బడి బాగాలేదు" అన్న ఒక్క మాట మీద నిర్ణయం తీసుకోకండి. ఆ మాట వెనక పది వేరువేరు సంగతులుండొచ్చు, ఒక్కోదానికి చేయాల్సింది ఒక్కోలా ఉంటుంది. ఒక కాగితం తీసుకుని గత రెండు వారాల్లో బిడ్డ ఏడ్చిన, ముడుచుకుపోయిన, వెళ్లనని మొండికేసిన సందర్భాలు ఒక్కొక్కటే రాయండి. ఏ రోజు, ఏ పీరియడ్, పక్కన ఎవరున్నారు అన్నవి కూడా రాయండి. మావాడి విషయం అలా రాసుకున్నాకే మాకు అర్థమైంది. వాడికి లెక్కలంటే భయం లేదు. టీచరంటే భయం లేదు. ఆటల్లో ముందుండేవాడు. పైకి చదవమన్న రోజు, రాయమన్న రోజు మాత్రం ఇంటికొచ్చి నోరు విప్పేవాడు కాదు. రాసింది చెరిపి చెరిపి నోటుపుస్తకంలో కాగితాలు చిరిగిపోయి ఉండేవి. ఏడాదిపాటు దాన్ని మేం బద్ధకం అనుకున్నాం.

అది డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది. ఇక్కడ మేం చేసిన తప్పు చెప్పాలి. ముందు మానిపించాం, తర్వాత పరీక్ష చేయించాం. వరస తిరగబడింది. బిడ్డ పేరు బడిలో ఉండగా ఇలాంటి పరీక్ష చేయించమని అడగడం సులువు, చాలా దేశాల్లో ఖర్చు కూడా ఉండదు. అమెరికాలో 1975లో వచ్చిన చట్టం, ఇప్పుడు ఐడీఈఏ అని పిలిచేది, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రభుత్వ బడిలో ఉచితంగా తగిన చదువు చెప్పాలంటుంది. బడి నుంచి పేరు తీసేశాక స్పీచ్ థెరపీ, ప్రత్యేక టీచర్ లాంటి సాయం ఎంత మిగులుతుందన్నది అక్కడ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఇంగ్లండ్‌లో స్థానిక అధికారుల ఏర్పాటుతో ప్రత్యేక బడిలో చేరిన బిడ్డయితే, వాళ్ల అనుమతి లేకుండా పేరు తీసేయడానికి వీల్లేదు. అందుకని బిడ్డకి ఇప్పుడు బడిలో ఏ రకమైన ప్రత్యేక సాయం అందుతున్నా, అది బయటికొచ్చాక ఉంటుందో ఉండదో రాతపూర్వకంగా తెలుసుకోకుండా అడుగు వేయొద్దు.

ఏడిపింపులు, వేధింపులు కారణమైతే ఇల్లు నిజంగా ఉపశమనమే. అయినా మొదట బడికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, సెక్షన్ మార్చమని అడగండి. నోటిమాటగా చెప్పినదానికీ రాసిచ్చినదానికీ బడి స్పందించే తీరులో చాలా తేడా ఉంటుంది. బిడ్డ ఒంటి మీద దెబ్బలు కనిపిస్తున్నా, చచ్చిపోవాలనుందని అన్నా మాత్రం ఈ వరసలేవీ పాటించకండి. ఆ రోజే బడి ఆపండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. హోమ్‌స్కూలింగ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

తరగతి కన్నా చాలా ముందున్న బిడ్డ, పాఠం వినక్కర్లేక విసిగిపోయే బిడ్డ ఇంట్లో బాగా లాభపడతారు. ఏడాది పాఠం నాలుగు నెలల్లో పూర్తయితే ముందుకెళ్లొచ్చు, ఇష్టమైన దాంట్లో లోతుగా దిగొచ్చు. దీర్ఘకాలిక అనారోగ్యం ఉన్న పిల్లలకి, తరచూ ఊళ్లు మారే కుటుంబాలకి కూడా ఇది నప్పుతుంది. ఏ పనైనా మొదలుపెట్టడానికే మొరాయించే బిడ్డ అయితే ఆలోచించుకోండి. బడిలో ఆ మొరాయింపు టీచరుతో. ఇంట్లో రోజంతా మీతో. అన్నం పెట్టే మనిషీ, లెక్కలు చేయించే మనిషీ ఒకరే అయినప్పుడు రెండు పనులూ చెడే అవకాశముంది.

కొన్నిసార్లు కారణం బిడ్డది కాదు, మనది. పరీక్షల పిచ్చి నచ్చక, మన విలువలు, మన భాష ఇంటి నుంచే నేర్పాలని. అందులో తప్పేమీ లేదు. కానీ బిడ్డ బడిలో సంతోషంగా ఉంటే ఆ సంతోషానికి కూడా విలువ కట్టండి. మా పెద్దమ్మాయిని కూడా మానిపిద్దామని ఒక దశలో నాకు గట్టిగా అనిపించింది. "నేనేం తప్పు చేశానమ్మా?" అని అడిగింది. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

మధ్యలో ఉన్న దారులు

బడి లేదా ఇల్లు, ఈ రెండే ఉన్నాయనుకుని చాలామంది ఇబ్బంది పడతారు. మధ్యలో కనీసం నాలుగు దారులున్నాయి.

మొదటిది, అదే బడిలో ఉంచి ఒక్కటి మార్చడం. టీచర్, సెక్షన్, కూర్చునే చోటు, హోంవర్క్ భారం. వినడానికి చిన్న విషయం. కానీ కాగితం మీద రాసిన జాబితాలో ఇబ్బంది అంతా ఒకే పీరియడ్ చుట్టూ తిరుగుతుంటే, దాని కోసం రోజంతా వదులుకోవడం అనవసరం. దీనికి ఒక్క టర్మ్ గడువు పెట్టుకోండి. గడువు లేకుండా "చూద్దాం" అనుకుంటే ఏడాది గడిచిపోతుంది.

రెండోది, బడి సాగుతుండగానే ఇంట్లో కొంత చెప్పుకోవడం. బడి లెక్కలు బాగా చెప్పి భాష సరిగ్గా చెప్పకపోతే భాష ఒక్కటి మీరు తీసుకోవచ్చు. దీనివల్ల ఇంకో లాభం ఉంది. రోజూ ముప్పై నిమిషాలు, ఆరు వారాలు మీరు బిడ్డకి చెప్పి చూస్తే, మీ ఇద్దరికీ పొసుగుతుందో లేదో తెలిసిపోతుంది. ఆ ముప్పై నిమిషాలే రోజూ గొడవతో ముగుస్తుంటే మూడు గంటలు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అయితే బడిలో అలిసిపోయి వచ్చిన బిడ్డ సాయంత్రం ఎలా ఉంటాడో పొద్దున అలా ఉండడు, కాబట్టి ఈ ప్రయత్నం సెలవు రోజు పొద్దున చేసి చూడండి.

మూడోది, ప్రభుత్వమే నడిపే ఆన్‌లైన్ బడి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇది ఉంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. బిడ్డ ఇంట్లోనే కూర్చుని చదువుతున్నా, చట్టం దృష్టిలో అది హోమ్‌స్కూలింగ్ కాదు. బిడ్డ ఇంకా ప్రభుత్వ బడి విద్యార్థే. సిలబస్ వాళ్లది, హాజరు వాళ్లది, పరీక్షలూ వాళ్లవే. పాఠం తయారు చేసే భారం మీకు ఉండదు, వేగం మార్చుకునే స్వేచ్ఛా ఉండదు. బడిలో మనుషులతో ఇబ్బందైతే ఇది పనికొస్తుంది. పాఠం చెప్పే తీరుతో ఇబ్బందైతే అదే తీరు తెర మీద ఇంకాస్త కష్టంగా ఉంటుంది. చిన్న పిల్లలకైతే నేను సలహా ఇవ్వను. ఏడేళ్ల బిడ్డని తెర ముందు కూర్చోబెట్టడానికి పక్కన ఒక పెద్ద మనిషి ఎలాగూ కావాలి. ఆ మనిషి ఉన్నప్పుడు తెర దేనికి?

నాలుగోది, వారంలో కొన్ని రోజులు బడి, కొన్ని రోజులు ఇల్లు. ఇంగ్లండ్‌లో హెడ్‌టీచర్ ఒప్పుకుంటే ఇది కుదురుతుంది, ఒప్పుకోవాలన్న నియమం లేదు. కొన్ని అమెరికా రాష్ట్రాల్లో ఇంట్లో చదివే పిల్లలు బడి జట్టులో ఆడొచ్చు, ఒకటో రెండో క్లాసులకి వెళ్లొచ్చు. అడిగితే పోయేదేముంది, తప్పకుండా అడగండి.

ఒకటి మాత్రం విడిగా చెప్పాలి. 2020లో బడులు మూసినప్పుడు ఇంట్లో జరిగింది హోమ్‌స్కూలింగ్ కాదు. అమెరికా జనగణన విభాగం సర్వేలో, హోమ్‌స్కూలింగ్ చేస్తున్నామన్న కుటుంబాలు ఆ ఏడాది వేసవికి ముందు 5.4 శాతం ఉంటే, కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యాక 11.1 శాతమయ్యాయి. అది నిజంగా ఎంచుకున్నవాళ్ల లెక్క. మిగిలినవాళ్లంతా బడి పంపిన పాఠాన్ని ఇంట్లో కూర్చుని చేశారు. "లాక్‌డౌన్‌లో ప్రయత్నించాం, మావల్ల కాలేదు" అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే. మీరు ప్రయత్నించింది వేరే పని.

చట్టం మాట

ఇది విసుగు పుట్టించే భాగమే, కానీ తప్పితే అసలుకే మోసం వస్తుంది. ఒక దేశంలో మామూలు విషయం, పక్క దేశంలో నేరం కావచ్చు.

జర్మనీలో పిల్లలు బడికి వెళ్లి తీరాలి, మినహాయింపులు చాలా అరుదు. దీని మీద తల్లిదండ్రులు యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లారు. 2006లోనూ 2019లోనూ ఆ కోర్టు జర్మనీ వైపే నిలిచింది. స్వీడన్‌లో 2011 నుంచి అమలైన విద్యా చట్టం ప్రకారం అసాధారణ పరిస్థితుల్లోనే అనుమతిస్తారు. ఫ్రాన్స్‌లో ఒకప్పుడు తెలియజేస్తే సరిపోయేది. 2021 చట్టం తర్వాత, 2022 విద్యా సంవత్సరం నుంచి ముందుగా అనుమతి తీసుకోవాలి.

అమెరికాలో యాభై రాష్ట్రాల్లోనూ హోమ్‌స్కూలింగ్ చట్టబద్ధమే, కానీ నిబంధనల్లో నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. టెక్సస్‌లో ప్రభుత్వానికి నమోదు చేసుకోవాల్సిన పని లేదు. న్యూయార్క్‌లో ముందుగా తెలియజేయాలి, ఏడాది ప్రణాళిక ఇవ్వాలి, మూడు నెలలకోసారి నివేదిక పంపాలి, ఏటా మూల్యాంకనం చేయించాలి. పెన్సిల్వేనియాలో బిడ్డ చేసిన పనంతా ఒక ఫైలుగా కూర్చి, అర్హత ఉన్న వ్యక్తికి చూపించాలి. ఇంగ్లండ్‌లో 1996 విద్యా చట్టం బిడ్డకి తగిన చదువు చెప్పించే బాధ్యత తల్లిదండ్రుల మీద పెట్టింది, అది బడిలోనే జరగాలని అనలేదు.

భారతదేశంలో విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య అంటుంది. హోమ్‌స్కూలింగ్‌ని ఇది పేరు పెట్టి ఒప్పుకోనూ లేదు, నిషేధించనూ లేదు. పరీక్షల కోసం చాలా కుటుంబాలు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్ దారిలో వెళ్తాయి. 1989లో మొదలైన ఆ సంస్థలో 3, 5, 8 తరగతులకి సమానమైన స్థాయిలున్నాయి. పదో తరగతి స్థాయికి పద్నాలుగేళ్లు నిండాలి. బ్రిటన్‌కి చెందిన కేంబ్రిడ్జ్ బోర్డు పరీక్షలు కూడా బడితో సంబంధం లేకుండా ప్రైవేటు అభ్యర్థిగా రాయొచ్చు, కాకపోతే రాయనిచ్చే పరీక్షా కేంద్రం ముందు దొరకాలి.

ఎక్కడున్నా సరే, బడికి వెళ్లడం ఆపేసి తర్వాత కాగితాలు చూసుకుందాం అనుకోవద్దు. చెప్పకుండా మానేస్తే అది హోమ్‌స్కూలింగ్ కింద లెక్కకు రాదు, గైర్హాజరు కింద వస్తుంది. అధికారులు ఇంటికి రావడం దాకా పోవచ్చు. ముందు లేఖ, దాని నకలు, అందినట్టు సంతకం, బదిలీ పత్రం. ఆ తర్వాతే మానడం. మార్కుల రికార్డు, టీకాల రికార్డు, బడి చేయించిన పరీక్షల రిపోర్టులు ఏవున్నా అప్పుడే అడిగి తీసుకోండి. రెండేళ్ల తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండదు. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి మీరున్న చోటి విద్యాశాఖ ఇచ్చే సమాచారం మీరే చదవండి, పక్కింటివాళ్ల మాట మీద వెళ్లకండి.

మంగళవారం పది గంటలు

ఇప్పుడు రెండో ప్రశ్నకి వద్దాం. నాకు తెలిసి ఇంటి చదువు ఆగిపోయిన ఇళ్లలో ఎక్కువ భాగం బిడ్డ వల్ల ఆగిపోలేదు. పెద్దవాళ్ల సమయం చాలక ఆగిపోయింది.

మంచి వార్త ఏమిటంటే, బడిలో ఉన్నన్ని గంటలు అక్కర్లేదు. బడిలో ఆరు గంటల్లో వరసలో నిలబడటం, హాజరు, ఇంకొకరి కోసం ఎదురుచూడటం చాలా ఉంటాయి. ఒక్క బిడ్డతో కూర్చుంటే చిన్న తరగతులకి రెండు గంటలు, పెద్ద తరగతులకి మూడు నాలుగు గంటలు శ్రద్ధగా చేస్తే సరిపోతుంది. కానీ ఆ రెండు గంటలూ పూర్తిగా బిడ్డవి కావాలి. ఫోను చూసుకుంటూ, ఆఫీసు మీటింగు మ్యూట్‌లో పెట్టుకుంటూ కాదు. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లలో కూడా కుదిరిన కుటుంబాలున్నాయి. ఒకరు పొద్దున, ఒకరు సాయంత్రం, మధ్యలో తాతయ్యో అమ్మమ్మో. అలా కుదరాలంటే వారం మొత్తం కాగితం మీద గంటగంటకీ రాసి, ఆ కాగితం ఇద్దరూ ఒప్పుకోవాలి. "ఎలాగోలా చూసుకుందాం" అన్న ఇళ్లలో ఆ భారమంతా ఒక్కరి మీదే పడింది, దాదాపు ప్రతిసారీ అమ్మ మీదే.

ఖర్చు లెక్కలో పుస్తకాలు చిన్నవి. పాఠాలు ఖాన్ అకాడమీ లాంటి వెబ్‌సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి, లైబ్రరీ ఉంటే ఇంకా సులువు. పెద్ద ఖర్చు ఒకరు వదులుకునే జీతం, తర్వాత ఉద్యోగంలోకి తిరిగి వెళ్లడంలో పడే కష్టం. దాని గురించి భార్యాభర్తలు ముందే నోరు తెరిచి మాట్లాడుకోవాలి. మాట్లాడుకోకపోతే అదే మాట మూడేళ్ల తర్వాత గొడవలో వస్తుంది.

ఇంకోటి, బడి మనకి తెలియకుండానే ఇచ్చేవి. రోజుకి కొన్ని గంటల విరామం. బిడ్డలో మార్పు వస్తే గమనించే ఇంకొక పెద్ద మనిషి. కొన్నిచోట్ల ఒక పూట భోజనం, కంటి పరీక్ష, ఆట సామాను, ల్యాబ్. ఇవన్నీ బయటికొచ్చాక మీరే ఏర్పాటు చేసుకోవాలి. వీటిలో నేను అన్నిటికన్నా తక్కువ అంచనా వేసింది ఆ రెండో పెద్ద మనిషిని. మావాడికి వారానికి రెండుసార్లు ఈత నేర్పే కోచ్ ఒకాయన ఉండేవారు. వాడు చాలా రోజులుగా సరిగ్గా నిద్రపోవడం లేదని నాకన్నా ముందు కనిపెట్టింది ఆయనే. ఇంటి బయట అలాంటి మనిషి ఒక్కరైనా ఉండేలా చూసుకోండి.

స్నేహాల గురించి అందరూ అడుగుతారు. పిల్లలు దొరకడం కన్నా, అవే మొహాలు మళ్లీ మళ్లీ కనిపించడం ముఖ్యం. నెలకోసారి పెద్ద గుంపుతో కలిసే కన్నా, వారానికి రెండుసార్లు అదే నలుగురితో ఆడే ఏర్పాటు మేలు.

పద్ధతుల పోలిక

ఇప్పుడు సిలబస్ గురించి. ముందుగా ఒక హెచ్చరిక. మానిపించిన మర్నాడే మొదలుపెట్టకండి. మేం అదే చేశాం. గోడకి టైంటేబుల్ అంటించాం, నలభై నిమిషాల పీరియడ్లు పెట్టాం. రెండు వారాల్లో వాడు మళ్లీ కాగితాలు చింపే దశకొచ్చాడు. బడి అలవాట్లు వదలడానికి కొంత కాలం పడుతుంది. బడిలో గడిపిన ఒక్కో ఏడాదికి ఒక్కో నెల విడుపు ఇవ్వమని ఈ దారిలో నడిచిన కుటుంబాలు చెప్పుకుంటాయి. అది పరిశోధనలో తేలిన లెక్క కాదు, అనుభవంతో వచ్చిన మాట. మావాడి విషయంలో సరిగ్గా సరిపోయింది. ఆ నెలల్లో కలిసి చదివి వినిపించండి, బయట తిరగండి, ఆడనివ్వండి. ఏం చేస్తున్నప్పుడు బిడ్డ తనంతట తాను గంటసేపు కూర్చుంటాడో గమనించి రాసుకోండి. సిలబస్ ఎంచుకోవడానికి అంతకన్నా మంచి సమాచారం దొరకదు.

అంతా సిద్ధం చేసి పెట్టిన పూర్తి ప్యాకేజీలుంటాయి. ఏ రోజు ఏ పేజీ చెప్పాలో కూడా రాసి ఉంటుంది. మొదటి ఏడాది టెన్షన్ తగ్గుతుంది, తిరిగి బడికి పంపాలనుకుంటే తరగతి స్థాయి చేజారదు. కానీ బడిలో ఏ తీరు నచ్చక బయటికొచ్చారో అదే తీరు ఇంట్లోకి తెచ్చుకున్నట్టు కావచ్చు. ఇద్దరు ముగ్గురు పిల్లలున్నప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో ప్యాకేజీ నడపడం ప్రాణం మీదికి వస్తుంది.

ఇంగ్లండ్‌కి చెందిన షార్లెట్ మేసన్ చెప్పిన పద్ధతి ఇంకోటి. చిన్న పిల్లలకి పాఠం పదిహేను ఇరవై నిమిషాలు మించదు. మంచి పుస్తకం చదివి వినిపిస్తారు, విన్నది బిడ్డ తన మాటల్లో తిరిగి చెప్పాలి. ప్రశ్నాపత్రాలుండవు. చదవడంలో ఇబ్బందున్న మావాడికి ఇది వరమైంది. వాడి బుర్రకి, వాడి చదివే వేగానికీ మధ్య ఉన్న దూరం దీనితో తగ్గింది. వినగలడు, గుర్తుపెట్టుకోగలడు, చెప్పగలడు. చదవడం నేర్పే పని విడిగా, రోజుకి ఇరవై నిమిషాలు, అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధం మీద వరసగా చేశాం.

మాంటిస్సోరి పద్ధతి 1907లో రోమ్‌లో మొదలైంది. చేత్తో పట్టుకుని నేర్చుకునే సామాగ్రి దీనికి ప్రాణం. ఆరేళ్ల లోపు పిల్లలకి ఇంట్లో కొంతవరకు చేయొచ్చు. పెద్ద తరగతులకి ఆ సామాగ్రి, ఆ శిక్షణ ఇంట్లో సమకూర్చుకోవడం కష్టం.

అన్‌స్కూలింగ్ అంటే సిలబస్ లేకుండా బిడ్డ ఆసక్తి వెంట నడవడం. అమెరికా విద్యావేత్త జాన్ హోల్ట్ 1970లలో ఈ మాటని వాడుకలోకి తెచ్చారు. వదిలేయడం అని దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. నిజానికి పెద్దవాళ్ల శ్రమ ఇందులోనే ఎక్కువ. బిడ్డకి పురుగుల మీద ఆసక్తి పుడితే ఆ వారంలో దానికి సంబంధించిన పుస్తకం, మనిషి, చోటు మీరు వెతికి పెట్టగలగాలి. ఆ ఓపిక, ఆ తీరిక ఉన్న ఇళ్లలో అద్భుతంగా పనిచేయడం చూశాను. అవి లేని ఇళ్లలో రోజులు తెర ముందు గడిచిపోవడమూ చూశాను. పరీక్షలున్న పెద్ద తరగతుల దగ్గరికొచ్చేసరికి దాదాపు అందరూ ఏదో ఒక క్రమానికి రావాల్సిందే.

చాలా కుటుంబాలు ఏడాది తిరిగేసరికి కలగలుపు పద్ధతికి వస్తాయి. లెక్కలకి ఒక పుస్తకం వరసగా, మిగతావి స్వేచ్ఛగా. మేమూ అక్కడికే వచ్చాం. మొదటిసారి అడుగు పెట్టేవాళ్లకి నేను చెప్పేది కూడా అదే. లెక్కలు మాత్రం క్రమం తప్పకుండా ఒక పుస్తకం పట్టుకుని వెళ్లండి, మిగతాది బిడ్డని చూసి నిర్ణయించండి.

లెక్కల గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. అమెరికా పరిశోధకులు రాబర్ట్ కుంజ్‌మన్, మిల్టన్ గైథర్ 2013లో హోమ్‌స్కూలింగ్ మీద వచ్చిన పరిశోధనలని సమీక్షించారు. ఇంట్లో చదివిన పిల్లలు భాషలో బలంగా, లెక్కల్లో కొంత బలహీనంగా ఉండే ధోరణి అందులో కనిపించింది. హోమ్‌స్కూలింగ్ పిల్లలు అందరికన్నా ఎంతో ముందుంటారని చెప్పే కొన్ని అధ్యయనాలు కూడా మీకు కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి తమంతట తాము ముందుకొచ్చిన కుటుంబాల మార్కులే ఆధారం. బాగా చేసినవాళ్లే ముందుకొస్తారు కాబట్టి ఆ అంకెలు చూసి ఆశపడొద్దు, భయపడొద్దు కూడా.

తిరిగి వెళ్లే దారి మూయకండి

ఈ నిర్ణయం జీవితాంతానికి కాదు, ఒక ఏడాదికి తీసుకోండి. ఏడాది చివర ఏ నెలలో మళ్లీ కూర్చుని మాట్లాడుకుంటారో ఇప్పుడే రాసి పెట్టుకోండి. బిడ్డని కూడా కూర్చోబెట్టండి. పదేళ్లు దాటిన బిడ్డ మాటకి సగం బరువు ఇవ్వాలని నా అభిప్రాయం.

తొమ్మిది, పది తరగతుల దగ్గరపడుతున్న పిల్లల విషయంలో మాత్రం లెక్క మారుతుంది. అక్కడ పరీక్ష ఎవరు పెడతారు, ప్రాక్టికల్స్ ఎక్కడ చేస్తారు, ఆ సర్టిఫికెట్‌ని తర్వాత చేరాల్సిన కాలేజీ ఒప్పుకుంటుందా అన్న మూడు ప్రశ్నలకీ జవాబు చేతిలో ఉంటేనే మానిపించండి. ఎనిమిదో తరగతి లోపు ఒక ఏడాది అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. పరీక్షల ఏడాది మధ్యలో మానిపించడం, ఆరోగ్యమో భద్రతో కారణమైతే తప్ప, నేను ఎవరికీ చెప్పను.

రికార్డు పెట్టడానికి గంటలు అక్కర్లేదు. చట్టం అడగని చోట కూడా పెట్టండి. మేం చేసింది చాలా చిన్న పని. ప్రతి నెల మొదటి తారీఖున వాడు సొంతంగా రాసిన ఒక పేజీ, చేసిన లెక్కల పేజీ ఒకటి, ఆ నెల చదివిన, విన్న పుస్తకాల పేర్లు ఒక ఫైల్లో పెట్టేవాళ్లం. బాగున్నదే ఏరి పెట్టలేదు, ఆ రోజు ఏది వస్తే అదే.

వాడు తిరిగి వెళ్తానన్నది చదువు కోసం కాదు. జట్టుగా ఆడే ఆట కోసం, రోజూ కనిపించే స్నేహితుల కోసం. అడిగిన రోజు నాకు బాధేసింది, దాచుకోను. బడికి వెళ్లినప్పుడు అక్కడి హెడ్‌మాస్టర్ ఆ ఫైలు తెరిచి, మొదటి నెల పేజీని ఆఖరి నెల పేజీ పక్కన పెట్టి కాసేపు చూశారు. ఏ తరగతిలో కూర్చోబెట్టాలన్న దాని మీద పెద్ద చర్చే జరగలేదు. భాషలో తరగతికి తగ్గట్టు ఉన్నాడు. లెక్కల్లో మాత్రం రెండు అధ్యాయాలు వెనకబడ్డాడు. వాడికి మొదటి నుంచీ బలమైన సబ్జెక్టు అదే. మా దృష్టంతా చదవడం మీద పెట్టి, లెక్కలు వాడే చూసుకుంటాడులే అని వదిలేసిన చివరి ఏడాది వల్ల జరిగింది. ఆ రెండు అధ్యాయాలూ వాళ్ల అక్క వేసవి సెలవుల్లో చెప్పింది.